మా యువజన కూడికలో అందరికంటే బాగా ప్రార్థన చేసే కుర్రవాడే అబద్ధం చెబుతున్నాడు. ఏమి చేయాలి?

పరవాడ_షిఫ్టు (కంచరపాలెం)

అందరికీ వందనాలు. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

నాకు ముప్ఫై ఏళ్లు. పరవాడలో ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో ఉద్యోగం. పోయిన జూన్‌లో మా సంఘ పెద్దలు యువజన కూడిక బాధ్యత నాకు అప్పగించారు. అప్పగించారనడం పెద్ద మాట. అంతకుముందు నడిపిన అన్నయ్యకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, ఆ ఆదివారం నేను ముందు వరుసలో కూర్చున్నాను, అంతే. శనివారం సాయంత్రం ఆరు గంటలకు మందిరం మేడ మీద గదిలో కలుస్తాం. పద్నాలుగు మంది, ఇంటర్మీడియట్ నుంచి బీటెక్ చివరి సంవత్సరం వరకు. కంపెనీ బస్సు నన్ను ఎన్.ఏ.డి. కూడలిలో దించేసరికే ఐదున్నర దాటుతుంది కాబట్టి తరచుగా అందరికంటే ఆలస్యంగా చేరేది నేనే.

కూడిక పద్ధతి మీకు తెలిసిందే. రెండు పాటలు, వాక్యం, ప్రార్థన విన్నపాలు, ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన, బిస్కట్లు. విన్నపాలు అడిగితే పద్నాలుగు నోళ్లలోనూ ఒకటే మాట: పరీక్షలు. ఒక అమ్మాయి మాత్రం వాళ్ల అమ్మమ్మ మోకాళ్ల నొప్పులు కూడా చేరుస్తుంది. ప్రార్థనలూ అంతే. పెద్దల నోట విన్న వాక్యాలే, విన్న వరసలోనే.

వీరిలో ఒక కుర్రవాడు వేరు. పందొమ్మిదేళ్లు, బీటెక్ రెండో సంవత్సరం, ఆదివారం ఆరాధనలో తబలా వాయిస్తాడు. అతను ప్రార్థన మొదలుపెడితే కింద రోడ్డు మీది ఆటోల చప్పుడు కూడా వినపడనట్టు ఉంటుంది. స్త్రీల సమాజంలో అమ్మలు అతన్ని చూపించి తమ పిల్లలను తిడతారు.

మూడు వారాల కిందట వాళ్ల అమ్మగారు మా ఇంటికి వచ్చారు. కుర్రవాడు క్రికెట్ పందేల యాప్‌లో నలభై మూడు వేలు పోగొట్టుకున్నాడు. మొదట పోయింది కళాశాల ఫీజు. దాన్ని రాబట్టుకోవడానికి అప్పుల యాప్. డబ్బు కట్టకపోతే ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజీలు పెడతామని ఆ యాప్ వాళ్లు బెదిరించాక ఇంట్లో బయటపడింది. ఆమె వెళ్లిపోయాక నేను వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. ఈ నాలుగు నెలల్లో అతను ఒక్క శనివారం కూడా మానలేదు. ఫీజు డబ్బు పోయిన మరునాడు కూడా వచ్చి, కళ్లు మూసుకుని, మా అందరి పరీక్షల కోసం ప్రార్థించాడు. నాకు కోపం కన్నా భయం ఎక్కువ వేసింది. ఆ గదిలో ఇన్నాళ్లూ నేను నడిపింది ప్రార్థనేనా అని.

సంఘ పెద్దల్లో ఇద్దరు అతన్ని తబలా దగ్గర నుంచి లేపేయాలంటున్నారు. పాస్టరుగారు నిర్ణయం నాకు వదిలేశారు. అతను రెండు వారాలుగా కూడికకు రావడం లేదు.

రెండు అడుగుతున్నాను. అతని విషయంలో ఏమి చేయాలి? మిగతా పదమూడు మందికి ప్రార్థన అంటే పాఠం అప్పజెప్పడం కాదని ఎలా నేర్పాలి? ప్రసంగం మాత్రం వద్దండి. అవి నాకు వారానికి మూడు దొరుకుతున్నాయి.

గాజువాక_సంఘపెద్ద

చెల్లెమ్మా, వందనాలు. ప్రసంగం వద్దన్నారు కాబట్టి క్లుప్తంగా. బైబిల్లో ఆకాను దోపుడు సొమ్ము డేరాలో దాచినందువల్ల ఇశ్రాయేలు అంతా హాయి అనే పట్టణం ముందు ఓడిపోయింది. ఒకరి తప్పు ఒకరితో ఆగదు. ఆ అబ్బాయిని ఆరు నెలలు తబలాకు దూరంగా ఉంచండి. యువకులందరికీ నెలకొక ఉపవాస ప్రార్థన పెట్టండి. గుమ్మం దగ్గర బుట్ట పెట్టి ఫోన్లు అందులో వేయించండి. మా సంఘంలో ఇలాగే చేశాం. మొదట గొణిగారు, తర్వాత సర్దుకున్నారు.

మద్దిలపాలెం_హాస్టల్

అంకుల్, సర్దుకున్నారా, రావడం మానేశారా? తప్పుగా అనుకోకండి. మా ఊళ్లో బుట్ట పెట్టాక రెండోదే జరిగింది.

అక్కా, నాకు ఇరవై ఏళ్లు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను. మేమంతా పరీక్షలు అని ఎందుకు చెబుతామో చెప్పనా? పైకి చెప్పినా ఎవరూ కథ అల్లలేని విన్నపం అదొక్కటే. ఇంటర్ రెండో సంవత్సరంలో నేను ఒకసారి నిజం చెప్పాను. ఒక అబ్బాయి నచ్చాడు, చదువు మీద మనసు నిలవడం లేదు, ప్రార్థన చేయండి అని ఒక అక్కకు, ఒకే ఒక్క అక్కకు చెప్పాను. బుధవారానికి అది స్త్రీల కూడికలో ప్రార్థన విన్నపం అయింది. పేరు చెప్పలేదట. ‘గాయక బృందంలో ఎడమవైపు నిలబడే అమ్మాయి’ అన్నారట. ఎడమవైపు నిలబడేది ముగ్గురం. మిగతా ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి.

ఆ తర్వాత రెండేళ్లు నావీ పరీక్షలే.

ఇక్కడ హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయిది పాడేరు వైపు పల్లె. రాత్రి దీపం ఆర్పాక ‘ఈ రోజు ఎక్కడ జారబోయావు?’ అని అడిగేది. నాకు చిరాకు వేసేది. ఒక రోజు తనే ముందు చెప్పింది: మెస్సు బిల్లు వెయ్యి ఎక్కువ చెప్పి ఇంటి నుంచి తెప్పించుకుందామని మెసేజ్ రాసి, పంపకుండా చెరిపేసిందట. అప్పుడు నేనూ నాది చెప్పాను. చీకట్లో రెండు నిమిషాలు ప్రార్థన, నిద్ర. వారం తర్వాత ‘ఆ సంగతి ఏమయింది?’ అని మళ్లీ అడిగింది. నీకోసం ప్రార్థిస్తాను అన్నవాళ్లు నాకు చాలామంది ఉన్నారు. తిరిగి అడిగినది ఈ అమ్మాయి ఒక్కతే.

మాజీ_పంతులమ్మ (మహారాణిపేట)

ముప్ఫై రెండేళ్లు తెలుగు చెప్పిన దాన్ని, నాకు ఎక్కడ చూసినా భాషే కనిపిస్తుంది. మన్నించాలి.

ప్రార్థనల్లో మన పిల్లలు వాడే తెలుగు వాళ్లది కాదు. ‘మిక్కిలి వినయముతో వేడుకొనుచున్నాము’ అంటారు. ఆ తెలుగంటే నాకు ప్రాణం, దాన్ని తప్పు పట్టను. కాని అందులో అప్పుల యాప్‌కు చోటు లేదు. ‘అప్పుల యాపు నుండి నన్ను విడిపింపుము’ అని పైకి అని చూడండి, నవ్వు వస్తుంది. నలుగురు నవ్వుతారనుకున్న చోట పందొమ్మిదేళ్ల పిల్లవాడు నిజం చెబుతాడా? అతను అబద్ధపు ప్రార్థన చేశాడని నేను అనుకోను. ఆ భాషలో అతనికి తెలిసిన మాటలతో చేయగలిగింది చేశాడు, మిగిలింది లోపలే ఉండిపోయింది.

ఈ ఊరికి సంబంధించిన సంగతి ఒకటి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నానికే వచ్చి తెలుగు నేర్చుకున్నారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవుడైన ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. 1810 నాటికి ఇద్దరూ కన్నుమూశారు. వాళ్లు పనిచేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. పరాయి దేశం వాళ్లు ఈ ఊరి మనుషుల మాట వెతుక్కుంటూ అంత అవస్థ పడితే, ఈ ఊళ్లో పుట్టిన పిల్లలు సొంత మాట వదిలేసి దేవుని ముందు నిలబడుతున్నారు.

ఇంకొకటి. పాస్టరుగారిని ‘మీరు’ అంటాం, దేవుణ్ణి ‘నువ్వు’ అంటాం. అమ్మను కూడా చాలా ఇళ్లలో ‘నువ్వు’ అనే అంటాం. ఆ చనువు మన వ్యాకరణం ఇచ్చేసింది. మనమే తీసుకోవడం లేదు.

నా మనుమరాలి చేత నేను చేయించేది చెబుతాను. దేవునికి ఐదు వాక్యాల ఉత్తరం, అమ్మతో మాట్లాడే తెలుగులో. ఎవరికీ చదివి వినిపించనక్కర్లేదు, రాశాక చించేయవచ్చు. దేవుని మీద ఫిర్యాదైనా సరే. నూట యాభై కీర్తనల్లో మొరలూ ఫిర్యాదులూ ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్క పెట్టించండి, పిల్లలు ఆశ్చర్యపోతారు. బైబిల్లో హన్నా ప్రార్థిస్తుంటే పెదవులు కదులుతున్నాయి, స్వరం వినపడటం లేదు. ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. అంత పెద్ద యాజకుడే పొరబడ్డాడు కాబట్టి మీరు ఒక తబలా కుర్రవాడి విషయంలో పొరబడితే మరీ బాధపడకండి.

శిమిలిగుడ_996

తల్లీ, నేను వాల్తేరు డివిజన్‌లో గూడ్సు బళ్లు నడిపి రిటైరయ్యాను. ఎక్కువ కాలం కొత్తవలస–కిరండూల్ లైనులోనే. బైలదిలా ఇనుప ఖనిజం వేసుకుని శిమిలిగుడ నుంచి బొడ్డవర దాకా ఘాట్ దిగడం నా బతుకు. శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తు, మన పోర్టు సముద్రం ఒడ్డున. మధ్యలో సొరంగాలు, వంపులు, వెనక వేల టన్నుల బరువు.

గాజువాక పెద్దవారు ఆకాను పేరెత్తారు. కాదనను. కాని పట్టుబడ్డాక ఏమి చేయాలన్నది ఒక ప్రశ్న. పట్టుబడక ముందు నాలుగు నెలలు మనం ఎక్కడున్నాం అన్నది ఇంకో ప్రశ్న. నన్ను తొలిచేది రెండోది.

ఇంజనులో ఇద్దరం ఉంటాం. సిగ్నల్ కనపడగానే అసిస్టెంటు చెయ్యి చాపి రంగు పేరు పైకి అనాలి. నేనూ అదే మాట పైకి అనాలి. ఇద్దరికీ కళ్లున్నాయి, ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది, అయినా నోటితో అనాలి. కొత్తలో నాకిది పిచ్చిపనిలా ఉండేది. అర్ధరాత్రి దాటాక మనిషి కళ్లు తెరిచే నిద్రపోగలడని నా మీద నాకే తెలిశాక ఎవరూ చెప్పకుండానే గట్టిగా అరవడం మొదలుపెట్టాను. నా అసిస్టెంట్లలో ఒకాయన ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండే అమ్మవారి భక్తుడు, నేను మెడలో సిలువ వేసుకునేవాణ్ణి. రంగు విషయంలో మాకు ఎప్పుడూ పేచీ రాలేదు.

ఇంకో సంగతి. నిండు బండి బ్రేకు వేశాక కిలోమీటరు దాటి గాని ఆగదు. అందుకని ఎరుపు దగ్గర ఆలోచించుకుందాం అనే డ్రైవరు ఉండడు. ఆలోచన అంతా పసుపు దగ్గరే. తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధంగా ఉండు అని దాని అర్థం. మన మందిరాల్లో పిల్లలకు చెప్పేవన్నీ ఎరుపులే. తాగవద్దు, ఆడవద్దు, తిరగవద్దు. నలభై మూడు వేలు పోవడం ఎరుపు. ఆ కుర్రవాడికి పసుపు ఎప్పుడు వచ్చి ఉంటుందో ఎవరైనా అడిగారా? నా అంచనా, మొదటిసారి వందో రెండు వందలో గెలిచిన రాత్రి. ఓడిన రాత్రి కాదు. గెలిచినవాడు ఎవరితోనూ చెప్పడు, చెప్పకుండా దాచుకున్న సంతోషం అది. ఆ రాత్రి ‘పసుపు’ అని అతను పైకి అనడానికి పక్కన మనిషి లేడు. మీ కూడికలో పద్నాలుగు మందికి పద్నాలుగు పరీక్షలు ఉన్నాయి గాని పక్క సీటు లేదు.

డ్యూటీ ఎక్కే ముందు లాబీలో మాకు ఊపిరి పరీక్ష ఉంటుంది. తాగినవాడికి, తాగనివాడికి, సంఘ పెద్దనైన నాకు, అందరికీ. అందరికీ కాబట్టే ఎవరికీ అవమానం కాదు. మీరు ఆ పిల్లలను లోపలి సంగతి చెప్పమని అడుగుతున్నారు. మీ పసుపు మీరు ఎప్పుడైనా వాళ్లకు చెప్పారా? కోపం తెచ్చుకోకండి, నిజంగానే అడుగుతున్నాను.

ఇంజనులో ఇంత తెలిసినవాణ్ణి, ఇంట్లో ఏమీ వాడలేదు. నా కొడుక్కి పదహారేళ్లప్పుడు తెల్లవారుజామున ఐదింటికి కుటుంబ ప్రార్థన. దుప్పటి లాగి లేపేవాణ్ణి. రెండుసార్లు చెంబుతో నీళ్లు పోశాను. నేను లేని రోజుల్లో కూడా జరిగేట్టు వాళ్ల అమ్మకు కాపలా అప్పజెప్పేవాణ్ణి. వాడికిప్పుడు ముప్ఫై ఐదు, బెంగళూరులో ఉంటాడు, మందిరానికి వెళ్లడు. ప్రతి ఆదివారం పదకొండున్నరకు, సరిగ్గా ప్రసంగం మధ్యలో నాకు ఫోను చేస్తాడు. మరిచిపోయి కాదు, ఆ సమయం వాడికి బాగా తెలుసు. నేను లేచి బయటికి వచ్చి బాదంచెట్టు కింద మాట్లాడతాను. మా పాస్టరుగారికి ఇది నచ్చదు. నచ్చకపోనివ్వండి.

పోయిన సంవత్సరం ఒక ఆదివారం వాడు అడిగాడు, ‘నాన్నా, ఇంజనులో ఉన్నప్పుడు ఏమని ప్రార్థించేవాడివి?’ అని. ఒక వానాకాలం రాత్రి టైడా దాటాక వంపు తిరిగేసరికి కొండచరియ విరిగి పట్టాల మీద రాళ్లున్నాయి. బ్రేకు వేశాను. ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు. ఆ రాత్రి నా ప్రార్థన ఒకటే మాట: ఆగాలి, ఆగాలి, ఆగాలి. ఆమెన్ కూడా లేదు. ఆగాక దిగి పట్టాల పక్కన కూర్చుని ఏడ్చాను. ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ఐదింటికి దుప్పటి లాగి, యథాప్రకారం, చక్కటి వాక్యాలతో ప్రార్థన చేయించాను. వాడు ఇరవై ఏళ్లు ఆ చక్కటి వాక్యాలే విన్నాడు. ఇది ఫోనులో చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘ఇది అప్పుడు చెప్పాల్సింది’ అన్నాడు.

తబలా సంగతి. పేతురు యేసును ఎరగనని మూడుసార్లు బొంకాడు. ప్రభువు ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, ముందు వచ్చి తినమన్నాడు. నన్ను ప్రేమిస్తున్నావా అని అడగాల్సింది తర్వాత మూడుసార్లూ అడిగాడు, వదిలిపెట్టలేదు. ఆ వరస చూడండి. మీరు కూడికకు రమ్మని కబురు పంపకండి. వాళ్ల ఇంటికి వెళ్లి ముందు భోజనం చేయండి. తబలా వాయించాలో మానాలో అతన్నే చెప్పనివ్వండి.

ద్వారకానగర్_కౌంటర్_4

నేను బ్యాంకులో పనిచేస్తాను, డబ్బు గురించి చెబుతాను. ఇంట్లోవాళ్లు ఆ అప్పు గుట్టుగా తీర్చేసి, ఇక బుద్ధిగా ఉండమని వదిలేస్తే మూడు నెలల్లో కొత్త అప్పు పుడుతుంది. చాలా చూశాను. బెదిరింపు మెసేజీలు చెరపకుండా దాచి 1930కి ఫోను చేయించండి, అది సైబర్ నేరాల నంబరు. కొన్నాళ్లు అతని ఫోనులో యూపీఐ వద్దు, చేతి ఖర్చు నగదుగా ఇవ్వాలి. చాటుగా కాదు, అతనికి చెప్పే చేయాలి. నిద్ర లేదు, తిండి లేదు, చావు మాటలు వస్తున్నాయి అంటే ఆదివారం దాకా ఆగకండి. 14416, టెలీ మానస్, ప్రభుత్వానిది, ఏ వేళకైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, రుసుము లేదు.

మన రాష్ట్రం 2020లోనే చట్టం సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. కేంద్రం 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అయినా లింకులు వస్తూనే ఉంటాయి, కాబట్టి చట్టం ఉంది కదా అని ధీమా వద్దు.

ప్రార్థన చేస్తున్నాం కదా, ఈ ఫోన్లు ఎందుకు అనే పెద్దమ్మ ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. బైబిల్లో నెహెమ్యా, పాడుబడిన యెరూషలేమును మళ్లీ కట్టాలని, రాజు ఎదుట నిలబడి మనసులోనే ప్రార్థించాడు. వెంటనే నోరు విప్పి సెలవు, దారి కోసం ఉత్తరాలు, కట్టడానికి కలప, అన్నీ అడిగాడు.

పరవాడ_షిఫ్టు

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

శిమిలిగుడ అంకుల్, కోపం వచ్చింది. రెండు రోజులు ఉంది. తర్వాత గురువారం వాళ్ల ఇంటికి భోజనానికి వెళ్లాను. మెంతికూర పప్పు, ఎండు చేపలు. అతను ఒక్క మాట మాట్లాడలేదు, మా ఇద్దరి మధ్య వాళ్ల అమ్మగారే మాట్లాడారు. గుమ్మం దాకా వచ్చి మాత్రం, అప్పు తీరేదాకా తబలా ముట్టుకోనని అన్నాడు. పెద్దలకు అదే చెప్పాను. ఒకాయన సంతోషించారు. ఇంకొకాయన ఇన్ని నెలలని లెక్క లేదని నొచ్చుకున్నారు. 1930కి ఫోను చేశారు. బెదిరింపులు తగ్గాయి, పూర్తిగా ఆగలేదు.

కూడికలో ముందు నాది చెప్పాను. కిందటి నెల షిఫ్టు చివర, బస్సు తప్పిపోతుందన్న తొందరలో, నేను చూడని రీడింగును పుస్తకంలో రాయబోయాను. పెన్ను కాగితం మీద పెట్టాను కూడా. బస్సు వదిలేసి, పరీక్ష మళ్లీ చేసి, ఆటోలు మారుతూ ఇంటికి వచ్చాను. ఇది విని ఎవరూ ఏమీ అనలేదు. పది నిమిషాలు ఫ్యాను చప్పుడే. ఇక పనికిరాదనుకుని బిస్కట్ల పొట్లం విప్పుతుంటే, అమ్మమ్మ మోకాళ్ల అమ్మాయి తనకు ఇంజనీరింగ్ ఇష్టం లేదని, అమ్మమ్మ తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదని చెప్పింది. ఆ రోజు ఇంకెవరూ చెప్పలేదు.

ఇక్కడ విన్నది బయటికి పోకూడదని నియమం పెట్టాం. స్త్రీల సమాజంలో ఇద్దరు నన్ను ఇప్పటికే రెండుసార్లు అడిగారు, పిల్లలు ఏమి చెబుతున్నారని. పంతులమ్మగారు చెప్పిన ఉత్తరాలు రాయించాను. ఒక అమ్మాయి నాలుగు పేజీలు రాసి, ముక్కలుగా చించి, ముక్కలన్నీ సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోయింది. మందిరం చెత్తబుట్ట మీద నమ్మకం లేదట. ఇద్దరిద్దరిని జతలు చేశాను. రెండు జతలకు పడలేదు, మార్చాను. ఇద్దరు అబ్బాయిలు రావడం మానేశారు, గాజువాక అంకుల్‌కు ఈ మాట చెప్పాలి.

పోయిన శనివారం ఏడు గంటలకు, దాదాపు అంతా అయ్యాక, అతను వచ్చాడు. తలుపు పక్కన కూర్చున్నాడు. ప్రార్థన చేయమని నేను అడగలేదు, అతనూ చేయలేదు. పునుగులు తిన్నాడు. ఈ వారం టీ, పునుగులు తెచ్చే వంతు అతని జతది.

శిమిలిగుడ_996

టీ డబ్బులు అతని చేతికి ఇచ్చావా తల్లీ?

పరవాడ_షిఫ్టు

లేదండి. ఇద్దామని పర్సు తీసి, మళ్లీ లోపల పెట్టాను. కొట్టు ఆయన దగ్గర నా పేరున ఖాతా రాయించాను. ఎందుకో అతనికి చెప్పాను కూడా. మొహం ఎర్రబడింది, సరే అన్నాడు.